ఉడుమా, ఇగ్వానానా అని అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పదిహేడేళ్ల వయసు, ఇంటర్ రెండో సంవత్సరం, ఇల్లు మిర్యాలగూడ దగ్గర. చిన్నప్పటి నుంచి బల్లిజాతి జీవులంటే ప్రాణం, పెంచితే పెద్దదాన్నే పెంచాలని కోరిక. ఊళ్లో ఒకాయన 500 రూపాయలకు ఉడుము పిల్లను పట్టి ఇస్తానన్నాడు. హైదరాబాదులో ఒక దుకాణంవాళ్లు ఇగ్వానా పిల్లను చూపించారు. మొదటిసారి పెంచేవాడికి ఏది మంచిదని అడిగావు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఉడుము ఎప్పటికీ వద్దు. ఇగ్వానా ఇప్పుడు వద్దు. 2013లో, నీకంటే ఏడాది చిన్న వయసులో, నేను దేవరకొండలోని మా ఇంటికి ఒక ఇగ్వానా పిల్లను తెచ్చాను. అది ఇప్పటికీ బతికి ఉంది. కానీ దాన్ని పెంచి పెద్ద చేసింది నేను కాదు, మా అమ్మ. నీకు ఇంత వివరంగా రాయడానికి కారణం అదే.

ఉడుము సంగతి త్వరగా ముగిస్తాను. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో అది మొదటి షెడ్యూలులో ఉంది, పులి ఉన్న జాబితాలోనే. పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం, అన్నీ నేరాలే. 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. ఆ 500 తీసుకున్నవాడితో పాటు ఇచ్చినవాడూ దోషే అవుతాడు. చట్టం మాట పక్కన పెట్టినా, అది పెంపకానికి లొంగే జీవి కాదు. డిండి వైపు మా తాత చేను గట్టున ఒక ఉడుము ఉండేది. ఎలుకలు, పీతలు, పురుగులు, పక్షి గుడ్లు, ఏది దొరికితే అది తింటూ రోజంతా తిరిగేది. తాత దాని బొరియ ఉన్న చోట నాగలి కూడా పోనిచ్చేవాడు కాదు. ఆ తర్వాత ఒకసారి సంతలో మరో ఉడుమును చూశాను. కాళ్లు వెనక్కి విరిచి తాడుతో కట్టేశారు. ఒళ్లు కదలడం లేదు కానీ, చీలిన నాలుక మాత్రం బయటికీ లోపలికీ ఆడుతూనే ఉంది. నడుం నొప్పులకు మందని ఎవరో బేరమాడుతున్నారు. నీకు పిల్లను పట్టిస్తానన్న మనిషికి 500 ఇస్తే ఆ సంతను నడిపించినట్టే అవుతుంది. ఇవ్వవద్దు.

ఇక ఇగ్వానా. మధ్య అమెరికా, దక్షిణ అమెరికా అడవుల్లో నీటి ఒడ్డున చెట్ల మీద బతికే జీవి. దుకాణంలో నువ్వు చూసినది తోకతో కలిపి జానెడు ఉండి ఉంటుంది. లేత అరటాకు రంగు, గుండ్రటి కళ్లు, చేతి మీద పెట్టుకుంటే బరువే తెలియదు. నేనూ అలాగే పడిపోయాను. చిలక అని పేరు పెట్టాను. దుకాణంవాళ్లు రెండు మాటలు చెప్పారు: "ఎంత తొట్టిలో పెడితే అంతే పెరుగుతుంది", "కాబేజీ, దోసకాయ వేస్తే చాలు". రెండూ అబద్ధాలే. తొట్టి చిన్నదైతే జీవి ఎదగడం ఆగదు, వంకరపోతుంది. సరిగ్గా చూసుకున్న ఇగ్వానా మూడు నాలుగేళ్లలో నాలుగడుగులు దాటుతుంది, మగదైతే అయిదారు అడుగులకు చేరుతుంది. 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది.

ఏడో నెలలో ఒక సాయంత్రం చిలక కొమ్మను పట్టుకుని ఉండగా దాని ముందు కాలి వేళ్లు సన్నగా వణకడం చూశాను. చలి అనుకున్నాను. వారం తిరిగేసరికి కింది దవడ రెండు వైపులా ఉబ్బింది. వేలితో ముట్టుకుంటే ఎముక తగలవలసిన చోట నానిన బఠాణీలా మెత్తగా లోపలికి పోయింది. నోరు పూర్తిగా మూసుకోలేకపోతోంది. మా ఊరి పశువుల డాక్టరుగారు నిజాయతీగా చెప్పారు, "గేదెలనూ మేకలనూ చూస్తానమ్మా, దీన్ని ఎప్పుడూ చూడలేదు" అని. బట్టల బుట్టలో పెట్టుకుని బస్సులో హైదరాబాదు తీసుకెళ్లాం. ఎక్స్‌రే ఫిల్ము పైకెత్తి చూపిస్తూ డాక్టరమ్మ ఒక్క మాటే అడిగారు: "ఎండ తగులుతోందా?"

కిటికీ అద్దం వెనక రోజూ ఎండలోనే ఉంచేదాన్ని. తప్పు అక్కడే జరిగింది. ఎండలో అతినీలలోహిత కిరణాలు ఉంటాయి కదా, అందులో యూవీబీ అనే భాగం ఒంటికి తగిలితేనే వీటి శరీరంలో విటమిన్ డి3 తయారవుతుంది. అది ఉంటేనే తిన్న కాల్షియం ఎముకకు చేరుతుంది. అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. అంటే చిలకకు వెచ్చదనం అందింది గానీ ఎముక అందలేదు. శరీరం తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుని బతికింది. దుకాణంలో ఇచ్చిన మామూలు బల్బు వేడి మాత్రమే ఇస్తుంది. యూవీబీ బల్బు వేరే కొనాలి. పైగా అది వెలుగుతూనే ఉన్నా ఆరు నెలల నుంచి ఏడాది లోపల కిరణాల బలం తగ్గిపోతుంది, మార్చాలి. మన దగ్గర ఎండకు కరువు లేదు కాబట్టి ఉదయం ఎనిమిది, పది గంటల మధ్య జాలీ పంజరంలో, సగం నీడ ఉండేలా ఆరుబయట పెట్టవచ్చు. అద్దాల తొట్టిని మాత్రం ఎండలో పెట్టవద్దు. కొద్ది నిమిషాల్లోనే లోపలి ప్రాణి ఉడికిపోతుంది.

కాల్షియం మందుతో, సరైన బల్బుతో చిలక కోలుకుంది. కానీ కింది దవడ ఇప్పటికీ కొంచెం పక్కకు తిరిగి ఉంటుంది. ఆకు నమిలేటప్పుడు ఎడమవైపు నుంచి ముక్కలు జారిపోతాయి. పన్నెండేళ్లుగా ఆ ముక్కలు చూస్తూనే ఉన్నాను.

తిండి విషయంలో మనకు ఒక వరం ఉంది, మునగాకు. కాల్షియం పుష్కలం, ప్రతి పెరట్లో దొరుకుతుంది. మందార ఆకులు, పూలు, మల్బరీ ఆకు, తురిమిన గుమ్మడి కూడా మంచివి. పాలకూర ఆరోగ్యమని రోజూ వేయకూడదు. అందులోని ఆక్సలేట్లు అనే పదార్థాలు కాల్షియాన్ని ఒంటికి అందకుండా పట్టేసుకుంటాయి. కాబేజీ రోజూ పెడితే థైరాయిడ్ దెబ్బతినవచ్చు. గుడ్డు, మాంసం ఎంత చిన్న ముక్కయినా వద్దు, ఇది పూర్తిగా ఆకులు తినే జీవి. జంతు మాంసకృత్తులు దీని మూత్రపిండాలను పాడుచేస్తాయి. బజారు ఆకుకూరలకు పురుగుమందు ఉంటుంది కాబట్టి కడగకుండా పెట్టవద్దు. ఇంకొకటి, ముక్కు దగ్గర తెల్లటి పొడి కనబడి తుమ్మితే జలుబనుకుని మందులు వేయవద్దు. ఒంట్లో ఎక్కువైన ఉప్పును అది అలాగే బయటికి పంపుతుంది. మేము మొదటి నెల అంతా దానికి తులసి రసం పట్టాలా అని చర్చించుకున్నాం.

మన వేసవి దీనికి శత్రువు. దీనికి వేడి కావాలి, ఎండకాచుకునే చోట 35 డిగ్రీల దాకా ఉండాలి, దానితో పాటు గాలిలో తేమ కావాలి. నల్లగొండలో మే నెలలో 44, 45 డిగ్రీల పొడిగాలి వీస్తుంది. ఆ గాలికి కుబుసం సరిగా ఊడదు. రెండో వేసవిలో చిలక వెనక కాలి వేలి చుట్టూ పాత చర్మం ఉంగరంలా బిగుసుకుపోయింది. గమనించేసరికి వేలి కొస నల్లబడి ఎండిన మిరపతొడిమలా అయింది, తర్వాత రాలిపోయింది. అప్పటి నుంచి రోజుకు మూడుసార్లు నీళ్లు చిలకరించడం, వట్టివేళ్ల తడికెలు కట్టిన కూలరు, కరెంటు పోతే తడిగోనె. ఇవన్నీ ఎవరు చేశారనుకుంటున్నావు?

2015లో నాకు హైదరాబాదులో ఇంజనీరింగు సీటు వచ్చింది. హాస్టలులో ఇగ్వానాను ఉంచనివ్వరు. తర్వాత ఉద్యోగం, అద్దె గది, ఇంటి యజమాని షరతులు. నేను కోరి తెచ్చిన ప్రాణి మా అమ్మ పని అయిపోయింది. పొద్దున్నే మునగకొమ్మ విరవడం, ఆకు దూసి కడగడం, పంజరం తుడవడం, బల్బు వేసి ఆర్పడం. మా పిన్ని కూతురి పెళ్లికి మూడు రోజులు ఉండవలసిన మనిషి, మే నెల కాబట్టి, ముహూర్తం చూసి అదే సాయంత్రం బస్సెక్కి వచ్చేసింది. నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఒకసారి సెలవుల్లో ఇంటికొస్తే ఆమె పెరట్లో కూర్చుని చిలక కాళ్లకు కొబ్బరినూనె రాసి, పాత చర్మాన్ని తడిగుడ్డతో ఒక్కో వేలికీ నెమ్మదిగా తీస్తోంది. అది కళ్లు మూసుకుని ఆమె ఒడిలో పడుకుంది. నేను దగ్గరికి వెళ్లగానే మెడ కింది తోలు విప్పి తల ఆడించింది. నన్ను పరాయి మనిషిగా చూసింది.

2018 డిసెంబరులో అదే చిలక నా బొటనవేలు కరిచింది. నాలుగు కుట్లు పడ్డాయి. ఆ కాలంలో మగ ఇగ్వానాలకు జతకట్టే రుతువు వస్తుంది, ఒళ్లు నారింజ రంగుకు తిరుగుతుంది, స్వభావం మారిపోతుంది. రోజూ చూసే అమ్మకు ఆ గుర్తులు తెలుసు, నాకు తెలియవు. నాలుగైదు కిలోల జీవి తోకతో కొడితే చర్మం మీద వాత తేలుతుంది. ఇంట్లో చిన్న పిల్లలుంటే ఇంకో జాగ్రత్త కావాలి: వీటి ఒంటి మీద, మలంలో జ్వరం, విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండవచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, వంటగదిలోకి రానివ్వకూడదు, అయిదేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు.

కాగితాల సంగతి. ఇగ్వానా మన దేశపు జీవి కాదు కాబట్టి ఏ నిబంధనా లేదని దుకాణంవాళ్లు చెబుతారు. నమ్మవద్దు. వన్యజీవుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో ఇగ్వానా ఉంది. 2022లో సవరించిన మన వన్యప్రాణి చట్టం ఆ జాబితాలోని జీవులను కూడా పరిధిలోకి తెచ్చింది. 2024 ఫిబ్రవరి 28న వచ్చిన నియమాల ప్రకారం ఇలాంటి జీవి చేతికొచ్చిన 30 రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేశ్ పోర్టల్‌లో నమోదుకు దరఖాస్తు చేయాలి. 2020లో స్వచ్ఛందంగా వెల్లడించే అవకాశం ఇచ్చినప్పుడు మేము వివరాలు పంపాం, కొత్త నియమాలు వచ్చాక మళ్లీ నమోదు చేయించాం. అది ఎక్కడ పుట్టింది, ఎవరి నుంచి ఎవరికి వచ్చింది అన్న కాగితం చూపించలేని వ్యాపారి దగ్గర ఎంత ముద్దొచ్చే పిల్ల ఉన్నా బయటికి నడిచి వచ్చేయి.

పెంచలేకపోతే నాగార్జునసాగర్ ఒడ్డున వదిలేద్దామన్న ఆలోచన కూడా రానివ్వవద్దు. అమెరికాలోని ఫ్లోరిడాలో అలా తప్పించుకున్నవీ వదిలేసినవీ పెరిగి, తోటలు తినేసి, కాలువ గట్లు తవ్వేసి, చివరికి 2021లో వాటి పెంపకం మీదే నిషేధం పెట్టవలసి వచ్చింది.

ఎవరైనా నీకు టెగూ లేదా సవానా మానిటర్ అనే పెద్ద బల్లిజాతి జీవులను సూచిస్తే, రెండింటికీ కాదనే చెప్పు. రెండూ మాంసం, పురుగులు తినే బలమైన జీవులు, లోతైన మట్టి తవ్వుకోవాలి, ఒక గదిలో సగం వాటికే పోతుంది. నిజంగా పెంచే రోజు వస్తే బేర్డెడ్ డ్రాగన్ అనే బల్లిజాతి జీవితో మొదలుపెట్టమంటాను. ఎదిగినా రెండడుగులు దాటదు, సుమారు పదేళ్లు బతుకుతుంది, స్వభావం నెమ్మది. ఆస్ట్రేలియా పొడినేలల జీవి కాబట్టి మన గాలిలో తేమ కోసం ఇగ్వానాకు పడినంత పాట్లు ఉండవు. నాలుగడుగుల పొడవు పంజరం సరిపోతుంది. యూవీబీ బల్బు దీనికీ తప్పదు. ఆస్ట్రేలియా తన వన్యజీవులను వ్యాపారానికి ఎగుమతి చేయనివ్వదు కాబట్టి బయట అమ్మేవి పెంపకంలో పుట్టినవై ఉండాలి. దీనికీ కాగితాలు అడుగు.

కానీ ఆ రోజు ఇప్పుడు కాదు. వచ్చే ఏడాది నువ్వు ఏ ఊళ్లో ఉంటావో నీకే తెలియదు. చదువు ముగిసి, నీ పేరు మీద ఒక గది, ఆ గదిలో నీ మాట చెల్లే రోజు వచ్చేదాకా ఆగు. ఆగే రోజులు వృథా కావు. ఎండాకాలం పొద్దున మన గుట్టల మీదికి వెళ్లి కదలకుండా కూర్చుని చూడు. రాళ్ల మీద ఉండే తొండల్లో మగవి ఆ రోజుల్లో వీపంతా ఎర్రగా, పక్కలు నల్లగా మారి, దండీలు తీస్తున్నట్టు ఒళ్లు పైకీ కిందికీ ఆడిస్తాయి. నేను దేవరకొండ కోట వైపు గంటల తరబడి చూసేదాన్ని. ఒక నోటుపుస్తకంలో ఏ వేళకు ఎండకు వచ్చాయి, ఎప్పుడు నీడకు పోయాయి రాసుకో. వేడి, నీడల లెక్క అదే నేర్పుతుంది. హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో సరీసృపాల విభాగం ఉంది, అక్కడ జంతువులను దత్తత తీసుకుని ఖర్చు భరించే పథకం కూడా ఉంది. ఇంట్లోవాళ్లతో కలిసి వెళ్లు.

ఇవన్నీ చదివాక కూడా ఇప్పుడే తేవాలనిపిస్తే, డబ్బు కట్టేముందు ఒక పని చెయ్యి. ఈ రాత్రి అన్నాల దగ్గర మీ అమ్మగారికి ఇదంతా చదివి వినిపించు. నువ్వు హాస్టలుకు వెళ్లాక మునగాకు ఎవరు దూస్తారు, మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే తడిగోనె ఎవరు కడతారు అని అడుగు. ఆమె ఏమన్నారో ఇక్కడ రాయి. పంజరం కొలతలు ఆ తర్వాత చెబుతాను.