టెక్ సందేహాలు: ఎర్రర్ రాదు, కానీ లూప్ ఒక్కసారే తిరుగుతోంది!

ప్రశ్న: మాట్‌లాబ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 500 ఉష్ణోగ్రత రీడింగులను ఫైలు నుంచి తీసుకుని, 40 దాటినవాటిని ఫర్ లూప్‌తో లెక్కపెడుతున్నాను. సున్నా వస్తోంది. లూప్ ఒక్కసారే తిరుగుతోంది. చేత్తో టైప్ చేసిన చిన్న జాబితాతో మాత్రం సరిగ్గానే వస్తోంది. ఎందుకిలా?

జవాబు: మీ లాజిక్ బాగానే ఉంది, డేటానే నిలువుగా ఉంది. మాట్‌లాబ్ ఫర్ లూప్‌కి నేరుగా అర్రే (విలువల వరుస) ఇస్తే అది ఒక్కో విలువ కాదు, ఒక్కో కాలమ్ (నిలువు వరుస) తీసుకుంటుంది. మీరు టైప్ చేసిన జాబితా అడ్డంగా ఒకే రో (అడ్డు వరుస)లో ఉంది కాబట్టి కాలమ్‌కి ఒక విలువే వచ్చింది, ఫైలు నుంచి వచ్చిందేమో 500 రోలున్న ఒకే కాలమ్, అందుకే మొత్తం ఒక్క దెబ్బకి లోపలికి వచ్చేసింది. 3 రోలు, 4 కాలమ్‌ల మ్యాట్రిక్స్ ఇస్తే 12 సార్లు కాదు, 4 సార్లే తిరుగుతుంది. ఆక్టేవ్ అనే భాషలోనూ ఇంతే. జూలియా అనే మరో భాషలో మాత్రం ఒక్కో విలువే వస్తుంది.

ఎర్రర్ రాకపోవడమే ఇందులో అసలు ప్రమాదం. ఇఫ్ షరతులో పూర్తి కాలమ్ ఉంటే, అందులోని అన్ని విలువలూ 40 దాటితేనే మాట్‌లాబ్ దాన్ని నిజమంటుంది, ఒక్కటి తగ్గినా అబద్ధమే. మీ సున్నా అక్కడి నుంచే వచ్చింది. పెద్ద ప్రోగ్రాంలో ఇలాంటి తప్పు లెక్కని ఎవరూ గమనించకపోవచ్చు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

1 నుంచి న్యూమెల్ (అర్రేలో ఎన్ని విలువలున్నాయో చెప్పే ఫంక్షన్) ఇచ్చే సంఖ్య వరకు ఇండెక్స్‌తో, అంటే విలువ స్థానం సంఖ్యతో, తిరగండి, డేటా అడ్డంగా ఉన్నా నిలువుగా ఉన్నా పని చేస్తుంది. పైగా లూప్ వేరియబుల్‌ని మార్చితే అసలు అర్రే మారదు, విలువలు దిద్దాలంటే ఇండెక్స్ ఎలాగూ కావాలి.

స్ట్రక్ట్ (పేర్లున్న ఫీల్డ్‌లలో డేటా దాచేది) మీద తిరిగేటప్పుడూ ఇదే చిక్కు. ఫీల్డ్‌నేమ్స్ ఫంక్షన్ పేర్లను నిలువు సెల్ అర్రేగా (ఒక్కో పేరూ ఒక్కో సెల్ అనే డబ్బాలో ఉండే అర్రేగా) ఇస్తుంది, దాన్ని అలాగే లూప్‌కిస్తే మళ్ళీ ఒక్కసారే తిరుగుతుంది, ట్రాన్స్‌పోజ్ చేసి, అంటే నిలువుని అడ్డంగా తిప్పి ఇవ్వండి. అప్పుడు కూడా చేతికొచ్చేది పేరు కాదు, పేరున్న ఒక సెల్, కర్లీ బ్రాకెట్లలో 1 వేసి లోపలి పేరు తీయాలి.

అయినా 40 దాటినవి ఎన్నో తెలియడానికి మీకు లూప్ అక్కర్లేదు. అర్రే మొత్తాన్నీ 40తో ఒకేసారి పోల్చి, వచ్చినదానికి సమ్ (కూడే ఫంక్షన్) పెట్టండి, ఒక్క లైనులో అయిపోతుంది.