గిగాబిట్ కార్డు 100 దగ్గరే ఎందుకు ఆగుతోంది?
లైనక్స్ సందేహాలు – సమాధానాలు

(కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం. టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. పెద్ద అక్షరమైతే ఆ మాట విడిగా చెప్పాం. మార్పులు చేసే కమాండ్లకు ముందు సుడో (అడ్మిన్ అధికారంతో నడిపించే మాట) తప్పనిసరి. నెట్‌వర్క్ కార్డు పేరు ఈఎన్‌పీ3ఎస్0 అనుకుని రాశాం. మీ దాని పేరు 'ఐపీ లింక్' అని కొడితే తెలుస్తుంది.)

ప్రశ్న: మా రౌటర్, ఉబుంటు ఉన్న డెస్క్‌టాప్ రెండూ గిగాబిట్‌వే (సెకనుకు 1000 మెగాబిట్లు). అయినా కార్డు స్థితి చూపే 'ఈథ్‌టూల్ ఈఎన్‌పీ3ఎస్0' అంటే స్పీడు 100 అనే చూపిస్తోంది. ఆటోనెగ్ ఆఫ్ చేసి స్పీడు 1000 అని పెడితే అసలు లింకే పోయింది. కార్డు రియల్‌టెక్‌ది. డ్రైవర్ మార్చాలా? – విజయవాడ

జవాబు: డ్రైవర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు 'ఈథ్‌టూల్ -ఎస్ ఈఎన్‌పీ3ఎస్0 ఆటోనెగ్ ఆన్' కొట్టి పాత స్థితికి తెచ్చుకోండి. రాగి తీగ మీద గిగాబిట్ నడవాలంటే రెండు కొసలూ ముందుగా మాట్లాడుకుని, క్లాకు ఎవరిదో తేల్చుకోవాలి. ఆ సంభాషణే ఆటోనెగోషియేషన్. దాన్ని ఆపేసి 1000 అడిగితే కొన్ని డ్రైవర్లు 'ఇన్‌వ్యాలిడ్ ఆర్గ్యుమెంట్' అని తిప్పికొడతాయి, కొన్ని ఒప్పుకుని లింకును పోగొడతాయి. మీకు జరిగింది ఆ రెండోది.

ఇప్పుడు 'ఈథ్‌టూల్ ఈఎన్‌పీ3ఎస్0' మళ్లీ కొట్టి, 'లింక్ పార్ట్‌నర్ అడ్వర్టైజ్డ్ లింక్ మోడ్స్' అనే వరుస చదవండి. అవతలి పోర్టు తనకు ఏమేం చేతనవునో చెప్పేది అక్కడే. అందులో 1000బేస్‌టీ/ఫుల్ లేకపోతే ఆ పోర్టే 100ది. కొన్ని ఫైబర్ మోడెమ్‌లలో ఒక్క పోర్టే గిగాబిట్, మిగతావి 100. వైరు తీసి గిగాబిట్ పోర్టులో పెడితే సరిపోతుంది.

1000బేస్‌టీ/ఫుల్ ఉండి కూడా స్పీడు 100 చూపిస్తుంటే, దాదాపు ఎప్పుడూ తప్పు వైరుదే. 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు: 1, 2, 3, 6 పిన్నులు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. 4, 5 పిన్నుల నీలం జతలో గానీ, 7, 8 పిన్నుల గోధుమరంగు జతలో గానీ ఒక్క తీగ అందకపోయినా బేరం 1000కే కుదురుతుంది, లింకు మాత్రం నిలబడదు. చివరికి చిప్పే 100కు దిగుతుంది. కొత్త కెర్నళ్లలో (కెర్నల్ అంటే లైనక్స్ మూలభాగం), దాని సందేశాలు చూపే డీఎంఈఎస్‌జీ కొట్టి చూస్తే 'డౌన్‌షిఫ్ట్ అకర్డ్' అని మొదలై 'చెక్ కేబ్లింగ్' అని ముగిసే వరుస కనిపించవచ్చు. అది కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. ప్లగ్గు కోసేసి, ఎనిమిది తీగలూ కొసదాకా వచ్చాయో లేదో ప్లాస్టిక్‌లోంచి చూసుకుని మళ్లీ క్రింప్ చేయించండి.

వేరే మంచి వైరు పెట్టినా 100 దాటకపోతేనే డ్రైవర్ సంగతి. 'ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కె' కొడితే ఏ చిప్పును ఏ డ్రైవర్ నడుపుతోందో తెలుస్తుంది. మీ దానికి సాధారణంగా కెర్నల్‌తో వచ్చే ఆర్8169 ఉంటుంది. తయారీదారు విడిగా ఇచ్చేది ఆర్8168. రెండోది వేస్తే మొదటిదాన్ని బ్లాక్‌లిస్టులో పెట్టాలి, లేదంటే బూట్‌లో కార్డును ఆర్8169 పట్టేసుకుంటుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని డ్రైవర్‌ను కెర్నల్ 'కీ వజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అని వెనక్కి పంపుతుంది. అప్పుడు సంతకానికి వాడిన కీని 'ఎంఓకె‌యుటిల్'తో చేర్చి, రీబూట్‌లో వచ్చే నీలం తెరలో ఆమోదించాలి.

ప్రశ్న: ఇంటెల్ ఐ219 కార్డున్న సర్వర్‌లో పెద్ద ఫైళ్లు కాపీ చేస్తుంటే నెట్‌వర్క్ కొద్దిసేపు పోయి వస్తోంది. లాగ్‌లో 'డిటెక్టెడ్ హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్' అని ఉంది. – కరీంనగర్

జవాబు: ఈ1000ఈ డ్రైవర్‌తో నడిచే కార్డుల్లో ఇది బాగా తెలిసిన ఇబ్బంది. పెద్ద డేటాను ప్యాకెట్లుగా కోసే పనిని ప్రాసెసర్ నుంచి కార్డుకు అప్పగించడాన్ని టీఎస్ఓ అంటారు. ఆ బరువు మీద పంపే వరుస బిగుసుకుపోతుంది, డ్రైవర్ కార్డును రీసెట్ చేస్తుంది, మీకు నెట్ పోయినట్టు కనిపిస్తుంది.

'ఈథ్‌టూల్ -కె ఈఎన్‌పీ3ఎస్0 టీఎస్ఓ ఆఫ్' కొట్టండి. ఇక్కడ కె పెద్దది. చిన్న కె ఉన్నదాన్ని చూపించడానికి మాత్రమే. (పై జవాబులోని ఎస్ చిన్నది; అదే పెద్దదైతే లెక్కలు చూపిస్తుంది. ఈ తేడా మరిస్తే గంటలు పోతాయి.) మళ్లీ అదే పెద్ద ఫైలు కాపీ చేసి చూడండి. హ్యాంగ్ ఇంకా వస్తే జీఎస్ఓ (ఆ కోత పనిని కెర్నల్ చివరిదాకా వాయిదా వేసే పద్ధతి) కూడా ఆఫ్ చేయండి. రెండూ ఒకేసారి తీసేస్తే దేనివల్ల నయమైందో తెలియదు. ప్రాసెసర్‌కు పని కాస్త పెరుగుతుంది, గిగాబిట్ దగ్గర అది పెద్ద లెక్క కాదు.

ఈథ్‌టూల్ మార్పు రీబూట్‌తో పోతుంది. నెట్‌వర్క్‌మేనేజర్ ఉంటే 'ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ మాడిఫై', కనెక్షన్ పేరు, ఆ తర్వాత 'ఈథ్‌టూల్.ఫీచర్-టీఎస్ఓ ఆఫ్' అని రాసి, కనెక్షన్‌ను ఒకసారి అప్ చేయండి. డెబియన్ తరహా పాత పద్ధతైతే ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో ఆ కార్డు కింద పోస్ట్-అప్ వరుసలో ఈథ్‌టూల్ కమాండ్ పెట్టండి.

ప్రశ్న: దూరంగా ఉన్న మెషీన్‌లో ఎస్ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా లాగినయ్యే మార్గం) మీదే డ్రైవర్ తీసి మళ్లీ వేయవచ్చా? – హైదరాబాద్

జవాబు: వేయవచ్చు, రెండు జాగ్రత్తలతో. మొదట 'షట్‌డౌన్ -ఆర్ +10' కొట్టండి. దారి మూసుకుపోతే 10 నిమిషాల్లో మెషీన్ తనంతట తానే రీబూటై పాత సెట్టింగులతో లేస్తుంది. తర్వాత తీయడం, వేయడం రెండూ ఒకే వరుసలో, మధ్యలో సెమికోలన్‌తో: 'మోడ్‌ప్రోబ్ -ఆర్ ఆర్8169; మోడ్‌ప్రోబ్ ఆర్8169'. రెండింటికీ విడివిడిగా సుడో ఉండాలి. విడి వరుసల్లో కొడితే మొదటిదానితోనే లింకు పోతుంది, రెండోది కొట్టే అవకాశం ఉండదు. రీబూట్‌కు ముందు చివరి 5 నిమిషాల్లో మామూలు యూజర్ల కొత్త లాగిన్లు ఆగిపోతాయి, కాబట్టి ఆలోపే మళ్లీ లాగినై 'షట్‌డౌన్ -సి' కొట్టి ఆ రీబూట్‌ను రద్దు చేయండి.

ప్రశ్న: ఒకే రకం పోర్టులు నాలుగున్నాయి. ఈఎన్‌పీ3ఎస్0 ఏదో ఎలా గుర్తుపట్టాలి? – అనంతపురం

జవాబు: 'ఈథ్‌టూల్ -పి ఈఎన్‌పీ3ఎస్0 10' కొట్టండి, పి చిన్నది. డ్రైవర్‌లో ఆ సదుపాయం ఉంటే ఆ పోర్టు లైటు 10 సెకన్లు మినుకుతుంది. 'ఆపరేషన్ నాట్ సపోర్టెడ్' అని వస్తే, వైరు ఒక్కో పోర్టులో పెడుతూ ఈథ్‌టూల్ చివరి వరుసలో 'లింక్ డిటెక్టెడ్' ఎప్పుడు యెస్ అవుతుందో చూడండి. అంతకంటే ముందు 'ఐపీ లింక్ సెట్ ఈఎన్‌పీ3ఎస్0 అప్' కొట్టి ఉండాలి. అప్‌లో లేని కార్డు వైరు పెట్టినా నో అనే చెప్పవచ్చు.