పందికొక్కుకి 48 పాయింట్లు

నల్లకుంట, హైదరాబాద్
ఆదివారం రాత్రి

చిట్టితల్లికి,

తాతయ్య ఆశీస్సులు. నువ్వు వెళ్ళాక స్క్రాబుల్ బోర్డు తీయలేదు. మన రెండో ఆటలో మొదటి రెండు మాటలు మళ్ళీ పేర్చి, పక్కన పెట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ ఆట నేను మొదలుపెట్టాను. సి-ఓ-ఓ-టి, కూట్. తెల్లని ముక్కుండే నల్లటి నీటిపక్షి అది. రెండో ఓ సరిగ్గా మధ్య నక్షత్రం మీద పడింది. నువ్వు అక్షరాల బిళ్ళలు నిలబెట్టుకునే రాక్ నావైపు తిప్పి, "ఏమీ రావట్లేదు తాతయ్యా" అన్నావు. అందులో బి, ఏ, ఎన్, డి, ఐ ఉన్నాయి. చివరికి ఆ రెండో ఓ మీదుగా నిలువుగా బి-ఓ-ఎన్-డి పెట్టి 7 పాయింట్లు రాసుకున్నావు. ఆట మధ్యలో చెప్పడం పద్ధతి కాదని ఊరుకున్నాను, ఇప్పుడు చెబుతున్నాను.

కూట్‌కి ఎడమవైపు అంచుదాకా సరిగ్గా ఐదు గడులు ఖాళీగా ఉన్నాయి. నీ ఐదు బిళ్ళలూ ఆ వరసలోనే పెడితే బ్యాండికూట్. మామూలుగా ఆ మాటకి వచ్చేవి 14 పాయింట్లే. కానీ డి పడే గడి డబుల్ లెటర్, అంటే ఆ అక్షరం పాయింట్లు రెట్టింపు, అక్కడ ఇంకో 2 కలిసి 16 అవుతుంది. బి పడేది అంచున ఉన్న ఎర్ర గడిలో, అంటే ట్రిపుల్ వర్డ్, మాట మొత్తానికి మూడింతలు. పదహారు మూళ్ళు 48.

ఆ మాట నీకు తట్టకపోవడం తప్పు కాదు. కానీ అది మన మాటేనమ్మా. పందికొక్కు! కొక్కు అంటే పెద్ద ఎలుక. మన వీధి చివర నాలా దగ్గర రాత్రిళ్ళు కనిపిస్తుందే, పిల్లి కూడా పక్కకి తప్పుకుంటుందే, అదే. నా చిన్నప్పుడు ఊళ్ళో వడ్ల గాదె కింద చేరేది. కర్రతో కదిపితే పందిలా గుర్రుమనేది. ఆ పేరు దానికి ఊరికే రాలేదు. తెలుగు నేల మీద తిరిగిన ఇంగ్లీషువాళ్ళు ఆ పేరు విని తమ నోటికి వచ్చినట్టు పలికారు, పంది కాస్తా బ్యాండి అయింది. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులోనూ ఇది తెలుగు మాటేనని ఉంది. తర్వాత వాళ్ళు ఆస్ట్రేలియాలో పొడుగు ముక్కున్న ఒక సంచి జంతువుని చూసి దానికీ ఇదే పేరు పెట్టేశారు. అది కంగారూ వైపు చుట్టం, ఎలుకకి ఏమీ కాదు.

మనం "పందికొక్కుల్లా మెక్కారు" అంటామా? ఆస్ట్రేలియాలో ఇదే మాట క్రియ కూడా అయింది. పైన మొక్క కదలకుండా కిందనుంచి బంగాళదుంపలు దొంగతనంగా తవ్వుకుపోవడాన్ని అలా అంటారు. చెల్లే మాటల కోసం మన టోర్నమెంట్లలో చూసే కాలిన్స్ జాబితా ఆ క్రియని ఒప్పుకుంటుంది కాబట్టి చివర ఎస్సే కాదు, ఇ-డి, ఐ-ఎన్-జి కూడా తగిలించవచ్చు. అర్థం తెలియనివాడికి ఈ సంగతి తట్టదు.

"అర్థాలు ఎందుకు తాతయ్యా, లిస్టులో ఉంటే చాలు కదా" అన్నావు. రూలు ప్రకారం నీ మాట నిజమే. ఆ మాట చెల్లదని ఎవరైనా ఛాలెంజ్ చేస్తే జాబితా చూస్తారు, నిన్ను అర్థం అడగరు. కానీ నువ్వు కంఠస్థం చేసిన మూడు పేజీల్లో టెన్షన్‌లో ఎన్ని గుర్తొచ్చాయో నువ్వే చూశావు. ఊరూ పేరూ తెలిసిన మాట అలా జారిపోదు.

ఇంకో సంగతి. ఈ ఆటని 1930లలో అమెరికాలో ఉద్యోగం పోయిన ఆల్ఫ్రెడ్ బట్స్ అనే ఆర్కిటెక్ట్ తయారుచేశాడు. న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టాడు. అరుదైనవాటికి ఎక్కువ పాయింట్లు ఇచ్చాడు. క్యూకి, జెడ్‌కి పదేసి అందుకే. వాళ్ళ పేపర్లో అరుదు, సరే. మన ఊళ్ళో? పొద్దున లేస్తే జరీ చీరలు, నిజాం కాలం కబుర్లు. జెడ్-ఏ-ఆర్-ఐ, 13. ఎన్-ఐ-జెడ్-ఏ-ఎం, 16. నిజాం అంటే అరబ్బీలో క్రమం, ఏర్పాటు. అది మనిషి పేరు కాదు, బిరుదు, అందుకే చెల్లుతుంది. హైదరాబాద్ అని పెట్టావంటే మాత్రం చెల్లదు, ఊరి పేరు కదా.

క్యూ వస్తే నీ మొహం వాడిపోతుంది, గమనించాను. క్యూ పక్కన యు ఉండి తీరాలని బళ్ళో నేర్పారు కదా, ఆ భయం. అరబ్బీ, ఉర్దూ మాటల్లో ఆ పట్టింపు లేదు. క్యూ-ఏ-డి-ఐ అంటే మన ఖాజీ. టి-ఏ-ఎల్-ఏ-క్యూ అంటే తలాఖ్. ఖవ్వాలీకి క్యూ-ఏ-డబ్ల్యూ-డబ్ల్యూ-ఏ-ఎల్-ఐ, ఏడక్షరాలు, 22 పాయింట్లు. ఏడు బిళ్ళలూ ఒకేసారి దింపితే మరో 50. సంచిలో డబ్ల్యూలు రెండే ఉంటాయి. ఆ రెండూ నీకే వచ్చి, క్యూ కూడా దొరికితే గుండె దడదడలాడుతుంది.

చూశావా, తెలుగులో మనం ఖ అని రాసే చోట వీటికి క్యూ వస్తోంది. కానీ ఇక్కడే నేను దెబ్బతిన్నాను. ఆఫీసులో ఆడే రోజుల్లో ఖాకీ అనే మాట క్యూతో మొదలుపెట్టాను. ఛాలెంజ్ చేశారు, బిళ్ళలు వెనక్కి తీసుకున్నాను, వంతు పోయింది. ఆ సాయంత్రం ఇరానీ హోటల్లో ఉర్దూ చదువుకున్న మిత్రుడొకాయన బిల్లు కాగితం వెనక రెండు అక్షరాలు రాసి చూపించాడు. ఒకటి గుండ్రంగా ఉండి పైన రెండు చుక్కలుంటాయి. రెండోది కొక్కెంలా వంగి పైన ఒక్క చుక్కే. మన హైదరాబాదు నోట్లో రెండూ ఖ అనే పలుకుతాయి, రాతలో వేరు. రెండు చుక్కలదానికి ఇంగ్లీషులో క్యూ రాస్తారు. ఒక్క చుక్కదానికి కె-హెచ్. ఖాకీ, ఖాన్ ఒక్క చుక్కవి. ఆ కాగితం ఇప్పటికీ నా పాత డిక్షనరీలో ఉంది, వచ్చినప్పుడు చూపిస్తాను.

రెండక్షరాల మాటలు మాత్రం బట్టీ పట్టాల్సిందే. 120కి పైనే ఉంటాయి. క్యూ-ఐ, జెడ్-ఏ లాంటివి నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. వాటికి కథలు వెతుకుతూ కూర్చోకు. పెద్ద మాటల దగ్గరే నా పద్ధతి పాటించు. వారానికి పది చాలు. ఒక నోట్‌బుక్కులో మాట రాయి. దాని కింద ఏ భాషది, అర్థం ఏమిటి, ముందు ఏ అక్షరం కలుస్తుంది, వెనక ఏది కలుస్తుంది. పాయింట్లు ఆఖర్న రాయి. మూలం తెలిస్తే బహువచనం దగ్గర కూడా తడబడవు. మంగూస్ చివర గూస్ కనబడినా బాతుతో సంబంధం లేదు. మరాఠీ మీదుగా ఇంగ్లీషులోకి వెళ్ళిన మాట, మన ముంగిసకి దగ్గరి బంధువు. కాబట్టి గూస్ గీస్ అయినట్టు దీన్ని మార్చకు, చివర ఎస్ చేర్చి ఊరుకో.

మొదటి పేజీలో ఏం రాయాలో కూడా చెబుతున్నాను. బిర్యానీ. బి-ఐ-ఆర్-వై-ఏ-ఎన్-ఐ. వేయించింది అనే అర్థం ఉన్న పారసీ మాట నుంచి వచ్చింది. వై బదులు ఐ పెట్టినా చెల్లుతుంది, అంటే రాక్‌లో మూడు ఐలు పడి ఏడుపొచ్చినప్పుడు కూడా ఇది పనికొస్తుంది. వైతో రాస్తే 12 పాయింట్లు. ఆటలో మొదటి మాటగా మధ్య నక్షత్రం మీదుగా పడితే రెట్టింపు 24, ఏడు బిళ్ళలకి 50, మొత్తం 74. కానీ ఆగు, ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకో. మధ్య వరసలో ఎడమ నుంచి నాలుగో గడి లేత నీలం, డబుల్ లెటర్. బి అక్కడ పడేలా జరిపితే 74 కాస్తా 80 అవుతుంది. బోర్డు ముందు పెట్టుకుని ఒక్కో గడీ జరుపుతూ ఏడు రకాలుగా పెట్టి చూడు. ఏ చోట ఎంత వచ్చిందో రాసి పట్టుకురా, వచ్చే ఆదివారం ఇద్దరం కలిసి సరిచూద్దాం. ఈసారి ఆట నువ్వు మొదలుపెట్టు.

నీ
తాతయ్య