ఆరు కార్ల రేసులో నాలుగో స్థానం

ప్రశ్న: ఫార్ములా వన్‌లో పాయింట్లు తెచ్చిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ అని మా అబ్బాయికి గొప్పగా చెప్పానండీ. వాడు ఫోన్‌లో చూసి, "నాన్నా, ఆ రేసులో పరిగెత్తినవే ఆరు కార్లు" అని నవ్వాడు. నిజమేనా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నిజమేనండీ. 2005 జూన్ 19, ఇండియానాపొలిస్. మనకు రాత్రి పదకొండున్నర. ఆ రాత్రి నేను లాడ్జిలో టీవీ ముందు కూర్చుని ఉన్నాను. ఇరవై కార్లు ఒక రౌండు తిరిగొచ్చాయి. అందులో పద్నాలుగు తిన్నగా పిట్స్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆగే షెడ్ల దగ్గరికి, వెళ్లిపోయాయి. ఏమైందో అర్థం కాక రూమ్ బాయ్‌ని కూడా పిలిచి చూపించాను!

గొడవంతా టైర్లది. అక్కడ పదమూడో మలుపు ఏటవాలుగా ఉంటుంది. పూర్తి వేగంతో దాటేటప్పుడు టైరు మీద విపరీతమైన బరువు పడుతుంది. శుక్రవారం అక్కడే రాల్ఫ్ షుమాకర్ కారు గోడకు కొట్టుకుంది. ఆ ఏడాది రూల్ ప్రకారం రేసు మధ్యలో టైర్లు మార్చకూడదు. మా టైర్లు చివరిదాకా ఉంటాయని చెప్పలేం అని, ఆ పద్నాలుగు కార్లకు టైర్లిచ్చిన మిషెలిన్ కంపెనీ చేతులెత్తేసింది. మిగిలినవి బ్రిడ్జ్‌స్టోన్ టైర్ల కార్లు: ఫెరారీ, జోర్డాన్, మినార్డి జట్లవి, రెండేసి చొప్పున. జనం ట్రాక్ మీదికి సీసాలు విసిరారు. జోర్డాన్‌లో ఉన్న మనవాడు 73 ల్యాపుల (రౌండ్ల) రేసులో ఒక ల్యాపు వెనక నాలుగోవాడిగా వచ్చాడు. ఐదు పాయింట్లు. మినార్డిలు రెండూ అతని వెనకే ఉన్నాయని మీవాడికి చెప్పండి.

అయినా నేనైతే ఆ రేసు పేరు ఎత్తను. 2012 మలేసియా చూపిస్తాను. కార్తికేయన్‌ది హెచ్‌ఆర్‌టీ జట్టు కారు, రేసులోకెల్లా నెమ్మది కార్లలో ఒకటి. చివరి వరసలో మొదలుపెట్టాడు. కానీ ముందే పెద్దవాన టైర్లు వేసుకున్నాడు. వాన ముదిరి రేసు ఆపేసరికి పదో స్థానంలో ఉన్నాడు! తర్వాత జర్మన్ ఛాంపియన్ వెటెల్ అతన్ని దాటబోతూ తగిలి టైరు పగలగొట్టుకున్నాడు. కోపంతో జర్మన్ టీవీలో మనవాణ్ణి 'దోసకాయ' అన్నాడు. చేతగాని డ్రైవర్లను వాళ్లలా తిడతారట. మనమైతే పప్పులో వేసుకుంటాం. రేసు తీర్పరులైన స్టీవర్డ్‌లు మాత్రం మనవాడికే 20 సెకన్ల శిక్ష వేశారు. ఆ తగులుడులో ఇద్దరిదీ తప్పుందని నా ఉద్దేశం.

ఇంకొకటి. 2019 నవంబర్‌లో జపాన్ ఫుజీ ట్రాక్ మీద జపాన్ వాళ్ల సూపర్ జీటీ, జర్మనీ వాళ్ల డీటీఎం పోటీల కార్లు కలిసి పరిగెత్తాయి. రెండో రేసు కార్తికేయన్ హోండాలో గెలిచాడు. అప్పటికి వయసు 42. దీనికి మీవాడు ఏమంటాడో నాకు రాయండి.

ప్రశ్న: కార్తికేయన్ ఇప్పుడు సెకండ్ హ్యాండ్ స్కూటర్లు అమ్ముతున్నాడట?
- ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: అవునమ్మా. సొంతూరు కోయంబత్తూరులో డ్రైవ్‌ఎక్స్ అని కంపెనీ పెట్టాడు. పాత టూవీలర్లను బాగుచేసి అమ్ముతారు. 2022లో టీవీఎస్ మోటార్ అందులో వాటా కొంది.