సే, టెల్: రెండూ ‘చెప్పు’ అయితే ఏది ఎక్కడ?

ఆఫీసు మెయిల్‌లో ‘క్లయింట్ సెడ్ మి’ అని రాస్తే మీ మేనేజర్ దిద్దారని, ఇంగ్లిష్‌లో సే (say), టెల్ (tell) ఏది ఎక్కడ వాడాలని అడిగారు. చిక్కంతా మన ‘చెప్పు’తోనే. సే, టెల్ రెండింటికీ తెలుగులో ఆ ఒక్క మాటే. మీ బెంగళూరు ఆఫీసులో రోజూ వినపడే కన్నడ ‘హేళు’ కూడా అంతే. అందుకే మెయిల్‌లో ‘సెడ్ మి’ అని పడింది.

1. ఎవరికి చెప్పారో వెంటనే వస్తే టెల్: ‘క్లయింట్ టోల్డ్ మి’.
2. చెప్పిన సంగతే నేరుగా వస్తే సే: ‘క్లయింట్ సెడ్ ఇట్ వజ్ ఓకే’.

చాలామంది జారేది ఇక్కడ. ‘నాకు’లో ఉన్న ‘కు’ని ‘టు’ చేసేసి ‘టోల్డ్ టు మి’ అంటారు. ‘క్లయింట్ నాకు చెప్పారు’ అనడానికి టెల్ పక్కన ఆ ‘టు’ వద్దే వద్దు. సే పక్కన మనిషిని పెట్టాలంటే మాత్రం తప్పదు: ‘సెడ్ టు మి’. మెయిల్ పంపే ముందు ఈ ఒక్కటీ చూసుకోండి.

‘టెల్ ది ట్రూత్’, ‘టెల్ ఎ లై’ మనిషి లేకున్నా టెల్‌తోనే. వీటిని అలాగే నోటికి పట్టించేయండి.