ఇంజిన్ జోలికి వెళ్లే ముందు

హైదరాబాద్

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. కొత్తగా కొన్న పాత హ్యాచ్‌బ్యాక్‌ను ట్రాక్ కారుగా మార్చుకుని సెలవు రోజుల్లో రేసింగ్ నేర్చుకోవాలని ఉందనీ, ముందుగా ఇంజిన్‌కు రీమ్యాప్ (శక్తి పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించమంటారా అనీ రాశావు. ఇరవై ఏళ్లుగా వారాంతాలను ఈ పనికే ఇచ్చినవాడిగా చెబుతున్నాను, ఈ ఏడాది ఇంజిన్‌ను ముట్టుకోవద్దు. చేతిలో ఉన్న డబ్బును బ్రేకులకు, టైర్లకు, ట్రాక్ మీద గడిపే గంటలకు ఖర్చు పెట్టు.

నేను మొదటిసారి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కు వెళ్లినప్పుడు, సర్వీసింగ్ ఈమధ్యే అయిందన్న ధీమాతో బ్రేక్ ఆయిల్ మార్పించలేదు. నాలుగో ల్యాప్‌లో మలుపు ముందు బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా అడుగుకు దిగిపోయింది. గేర్లు తగ్గించి, బండిని మట్టిలోకి దింపి ఆపగలిగాను కానీ, ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకూ మరగకూడదన్నది ప్రమాణం కాగా, తేమ పట్టిన ఆయిల్‌కు ఆ హద్దు 155 డిగ్రీలే. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి; ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది, కనుక నీ కాలి బలం డిస్కును పట్టి ఆపే ప్యాడ్ల దాకా చేరదు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో రోజంతా బ్రేకు తొక్కినా ఈ లోపం బయటపడదు, ఎందుకంటే అక్కడి వేగానికి డిస్కులు అంతగా కాగవు.

అందుకే ప్రయాణానికి ముందు ఆయిల్ మొత్తం మార్చి, ఎక్కువ వేడికి తట్టుకునే ప్యాడ్లు వేయించు. ప్రతి సెషన్ చివరి ల్యాప్‌ను బ్రేకులు చల్లారేలా నెమ్మదిగా నడుపు. పిట్‌లోకి వచ్చాక హ్యాండ్‌బ్రేక్ లాగకుండా, బండిని గేరులో ఉంచి చక్రానికి అడ్డు పెట్టు.

టైర్ల గాలిని ఉదయం చల్లగా ఉన్నప్పుడొకసారి, ట్రాక్ నుంచి వచ్చిన వెంటనే మరొకసారి కొలిచి రాసుకో. వేడెక్కిన టైరులో గాలి ఒత్తిడి పెరుగుతుంది కనుక మధ్యలో కొంత వదలవలసి వస్తుంది. సాయంత్రం ఆరువందల పైచిలుకు కిలోమీటర్ల తిరుగు ప్రయాణం పెట్టుకునే ముందు మళ్లీ గాలి కొట్టించుకోవడం మాత్రం మరిచిపోవద్దు. చక్రాల నట్లను టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానాతో) నువ్వే బిగించు.

ముందు చక్రాలతో నడిచే కారు మలుపులో బయటికి జారుతున్నట్టు నీకు త్వరలోనే అనిపిస్తుంది. అప్పుడు వెంటనే విడిభాగాలు కొనకుండా, మలుపులోకి ఎక్కువ వేగంతో వెళుతున్నావేమో, తొందరపడి యాక్సిలరేటర్ నొక్కుతున్నావేమో పరీక్షించుకో. నా అనుభవంలో చాలామటుకు లోపం అక్కడే ఉంటుంది. ఆ తరువాతే క్యాంబర్ (చక్రం నిలువుకు ఎంత వాలి ఉందన్న కోణం), అది చాలకపోతే వెనుక యాంటీ రోల్ బార్ (మలుపులో బండి పక్కకు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ). ఒకసారికి ఒక్కటే మార్చు. రెండు కలిపి మారిస్తే ఏది మేలు చేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ (విద్యుత్ రేసు కార్ల) పోటీ చూసి నీకు ఈ కోరిక కలిగిందని తెలుసు. అయితే ఆ సర్క్యూట్‌ను మామూలు వీధుల్లోనే తాత్కాలికంగా ఏర్పాటు చేశారు. మనవాళ్లు సాధనకు చెన్నైకో కోయంబత్తూరుకో వెళ్లక తప్పదు. ఆ దూరానికి విసిగి రాత్రివేళ ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి సత్తా చూడాలని ఎవరైనా పిలిస్తే వెళ్లవద్దు. అది 1988 మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం, అంతకంటే ముఖ్యంగా ఆ దారిలో ఎవరో తమ పిల్లలతో ఇంటికి వెళుతుంటారు. ట్రాక్ మీద జరిగే నష్టానికి కూడా మామూలు బీమా వర్తించదు కనుక, బాగు చేయించే స్థోమత చూసుకునే బండిని దింపు.

వచ్చే ఆదివారం పొద్దున్నే కారు తీసుకుని మా ఇంటికి రా. రాణిగంజ్‌లో డాట్ 4 సీసాలు రెండు కొను, సీలు మాత్రం విప్పవద్దు. నేను పెడల్ తొక్కుతాను, నువ్వు చక్రం దగ్గర కూర్చుని, పాత ఆయిల్ బయటికి వచ్చే నిపుల్ విప్పుదువు గాని.

ఇట్లు,
మామయ్య