చిన్న కంప్యూటర్‌ను ఇంటి పరికరాల హబ్‌గా పెట్టుకుంటే క్లౌడ్‌కు ఏ పని అప్పగించాలి?

ఆఫీసు పనికి కొని ఇప్పుడు ఖాళీగా ఉన్న మినీ పీసీని గుంటూరులో మీ అమ్మానాన్నల ఇంట్లో హబ్‌గా, అంటే స్మార్ట్ ప్లగ్‌లు, సెన్సర్లు వంటి పరికరాలన్నింటినీ నడిపే కేంద్రంగా పెట్టవచ్చా, దానిని బెంగళూరు నుంచి చూసుకోవచ్చా, ఫోన్‌లో ఉన్న మూడు కంపెనీల యాప్‌లను తీసేసి అన్నింటినీ ఒకేచోటికి తేవచ్చా అని మీరు అడిగారు. మొదటి రెండింటికీ నిస్సందేహంగా అవుననే చెబుతాను. మూడో దాని సంగతి చివర్లో చెబుతాను. తెనాలిలో మా తల్లిదండ్రుల ఇంట్లో ఇలాంటి ఏర్పాటే నడుస్తోంది, నేను హైదరాబాద్‌లో ఉంటూ దాని బాగోగులు చూస్తున్నాను. ఇన్నాళ్ల అనుభవంలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే: ఏ పరికరం ఎప్పుడు ఆన్ కావాలి, ఎప్పుడు ఆఫ్ కావాలి అన్న నిర్ణయం ఇంట్లో ఉన్న పెట్టెలోనే జరగాలి, దూరంగా ఉన్న మీకు ఆ పెట్టెను అందుబాటులోకి తేవడానికి మాత్రమే క్లౌడ్, అంటే ఇంటర్నెట్‌లో ఉండే కంపెనీల సర్వర్లు, ఉండాలి.

బజారులో దొరికే చాలా వైఫై ప్లగ్‌ల విషయంలో ఇది తలకిందులుగా ఉంటుంది. యాప్‌లో మీరు నొక్కిన ఆదేశం ముందు కంపెనీ సర్వర్‌కు వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ అదే ఇంటికి తిరిగి వస్తుంది కాబట్టి, ఇంటర్నెట్ ఆగిన రోజున పక్క గదిలోని దీపం కూడా యాప్ మాట వినకపోవచ్చు. కంపెనీయే ఆగిపోతే సమస్య ఇంకా పెద్దది. స్మార్ట్ పరికరాల కంపెనీ నెస్ట్ కొనుగోలు చేసిన రివాల్వ్ అనే హబ్ సేవను 2016 మే నెలలో ఆపివేసినప్పుడు డబ్బు పెట్టి కొన్న పరికరాలు పనికిరాకుండా పోయాయి. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ పరికరాల కంపెనీ సర్వర్లు ముందస్తు సమాచారం లేకుండా ఆగిపోయాయి. అప్పుడు ఆ కంపెనీ హబ్‌ను హోమ్ అసిస్టెంట్ వంటి, ఇంట్లోని కంప్యూటర్‌లోనే నడిచే సాఫ్ట్‌వేర్‌కు కలుపుకొన్నవారు మాత్రం తమ దీపాలను యథావిధిగా వెలిగించుకోగలిగారు.

హోమ్ అసిస్టెంట్‌నే నేనూ వాడుతున్నాను. 2013లో పౌలస్ షౌట్సెన్ మొదలుపెట్టిన ఈ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు మీ మినీ పీసీ శక్తి ధారాళంగా సరిపోతుంది. 4 జీబీ ర్యామ్ ఉంటే చాలు, కెమెరాలు కూడా కలపాలనుకుంటే 8 జీబీ ఉండటం మేలు. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్ బోర్డు కొనాలా అని కూడా అడిగారు. చేతిలో మినీ పీసీ ఉన్నప్పుడు అక్కరలేదు. ఆ బోర్డు ధర తక్కువగానే కనిపిస్తుంది కానీ, అడాప్టర్, పెట్టె, ఎస్‌ఎస్‌డీ (సమాచారం దాచే డ్రైవ్) కలిపేసరికి తేడా చాలావరకు కరిగిపోతుంది; ఎస్‌ఎస్‌డీ లేకుండా ఎస్‌డీ కార్డు మీదే నడిపితే, ఈ సాఫ్ట్‌వేర్ సెన్సర్ల వివరాలను నిరంతరం రాస్తూనే ఉంటుంది కాబట్టి, కరెంటు తరచుగా పోయే ఇంట్లో కార్డు పాడయ్యే అవకాశం ఎక్కువ. విద్యుత్ ఖర్చు గురించి మీ నాన్నగారు ఆందోళన పడుతున్నారన్నారు. మినీ పీసీ సగటున 10 వాట్లు తీసుకుంటుందనుకుంటే, రోజంతా నడిచినా నెలకు 7.2 యూనిట్లు అవుతుంది. పాత డెస్క్‌టాప్ 60 వాట్లు తీసుకుంటే అది 43 యూనిట్లు దాటుతుంది. ఆందోళన పడాల్సింది దాని విషయంలోనే.

నిజానికి దూరం నుంచి నడిపే హబ్‌కు సాఫ్ట్‌వేర్ కన్నా కరెంటే పెద్ద పరీక్ష. మినీ పీసీని గుంటూరు పంపే ముందే దాని బయాస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే మూల సెట్టింగుల్లోకి) వెళ్లి, కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు కంప్యూటర్ దానంతట అదే ఆన్ అయ్యే ఎంపికను తప్పకుండా పెట్టండి. చాలా కంప్యూటర్లలో ఇది మొదట ఆఫ్‌లో ఉంటుంది, అలాగే వదిలేస్తే కరెంటు పోయిన ప్రతిసారీ అమ్మగారికి ఫోన్ చేసి బటన్ నొక్కమనాల్సి వస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీద యూపీఎస్ మోడ్ మీట ఉందేమో చూడండి. సాధారణ మోడ్‌లో ఫ్యాన్లకు తెలియనంత చిన్న విరామం కూడా కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయగలదు. యూపీఎస్ మోడ్‌లో ఆ విరామం బాగా తగ్గుతుంది, కానీ ఆ మోడ్ తక్కువ వోల్టేజీని అంతగా సహించదు, కాబట్టి ఎండాకాలం సాయంత్రాల్లో కరెంటు ఉన్నా ఇన్వర్టర్ బ్యాటరీ మీదకు మారుతుండవచ్చు. రౌటర్‌కూ, ఫైబర్ పెట్టెకూ విడిగా ఒక చిన్న 12 వోల్టుల డీసీ యూపీఎస్ పెట్టించండి. కంప్యూటర్ బతికే ఉండి రౌటర్ ఆగిపోతే ఇంట్లో పనులు సాగుతాయి కానీ మీకు ఏమీ కనిపించదు. పాత ల్యాప్‌టాప్‌ను హబ్‌గా పెడితే బ్యాటరీ కలిసి వస్తుందని కొందరు సలహా ఇస్తారు. ఏళ్ల తరబడి ఛార్జింగ్‌లోనే ఉండి ఉబ్బే ప్రమాదమున్న బ్యాటరీని, చూసుకునేవారు లేని మూలలో పెద్దవాళ్ల ఇంట్లో పెట్టడం నాకు ఇష్టం లేదు.

తలుపు సెన్సర్లు, కదలికను గుర్తించే సెన్సర్లు కొనేటట్లయితే వైఫై రకం కాకుండా జిగ్‌బీ (చిన్న పరికరాల కోసం ఉన్న వేరే రేడియో పద్ధతి) రకం తీసుకుని, మినీ పీసీకి ఒక జిగ్‌బీ యూఎస్‌బీ స్టిక్ పెట్టండి. ఆ స్టిక్‌ను నేరుగా కంప్యూటర్‌కు గుచ్చకండి. యూఎస్‌బీ 3 పోర్టుల నుంచి వెలువడే రేడియో రొద, జిగ్‌బీ వాడే 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం మీదే పడుతుంది. మీటరు పొడవున్న ఎక్స్‌టెన్షన్ తీగతో దూరంగా పెడితే, ఎందుకు తెగిపోతున్నాయో అర్థంకాని సెన్సర్లు చాలావరకు కుదుటపడతాయి. బ్యాటరీ సెన్సర్లు ఒకదాని సంకేతాన్ని మరొకటి అందించవు, కరెంటుతో నడిచే ప్లగ్‌లు, రిలేలే (ఆదేశం అందగానే కరెంటును కలిపే, తెంచే చిన్న స్విచ్‌లు) ఆ పని చేస్తాయి. అందువల్ల స్లాబు దాటి మేడ మీదకు సంకేతం చేరాలంటే మెట్ల దగ్గర ఒక జిగ్‌బీ ప్లగ్ ఉండాలి. ఇకపై కొనే వస్తువుల మీద మ్యాటర్ గుర్తు ఉందేమో చూడటం కూడా మంచిది. 2022 అక్టోబరులో మొదటి రూపం వెలువడిన ఈ ప్రమాణం ప్రకారం పరికరాలు ఇంటి నెట్‌వర్క్‌లోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి.

మీరు ప్రత్యేకంగా అడిగిన నీటి మోటారు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తప్పు జరిగితే నష్టం జరిగేది అక్కడే. గీజర్‌కు 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్ సరిపోతుంది. 2 కిలోవాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర 9 ఆంపియర్ల లోపే తీసుకుంటుంది, పైగా అది స్థిరమైన లోడు. మోటారు అలా కాదు. నడుస్తున్నప్పుడు ఆరేడు ఆంపియర్లు తీసుకునే 1 హెచ్‌పీ మోటారు, ఆన్ చేసిన క్షణంలో దానికి కొన్ని రెట్లు లాగుతుంది, ఆ తాకిడికి స్మార్ట్ ప్లగ్‌లోని రిలే కాంటాక్టులు అతుక్కుపోతే యాప్‌లో ఆఫ్ అని కనిపిస్తున్నా మోటారు ఆగదు. మా ఇంట్లో ఎలక్ట్రీషియన్ చేత స్టార్టర్ పక్కన ఒక కాంటాక్టర్ (భారీ కరెంటును తట్టుకునే పెద్ద స్విచ్) పెట్టించాము. స్మార్ట్ రిలే ఆ కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే నడుపుతుంది, మోటారు భారమంతా కాంటాక్టర్ మోస్తుంది. పైన ట్యాంకులో నీటి మట్టాన్ని బట్టి పనిచేసే ఒక ఫ్లోట్ స్విచ్, కింద సంప్‌లో మరొకటి ఉన్నాయి. పైన నిండినా, కింద నీరు అడుగంటినా హబ్ మోటారును ఆపుతుంది. ఈ నిర్ణయానికి ఇంటర్నెట్‌తో పని లేదు. అయితే హబ్ కూడా ఒక కంప్యూటరే, మోటారు నడుస్తుండగా అది స్తంభించవచ్చు. అందుకని రిలేలోనే, గరిష్ఠంగా ట్యాంకు నిండే సమయానికి కొన్ని నిమిషాలు కలిపి, తనంతట తాను ఆఫ్ అయ్యే టైమర్ పెట్టాము. ఫోన్ నుంచి మోటారు ఆన్ చేసే బటన్‌ను కావాలనే తీసేశాను, ఆపే బటన్ మాత్రమే ఉంచాను. మోటారు దగ్గర ఎవరైనా చేయి పెట్టి ఉన్నారో లేదో హైదరాబాద్ నుంచి నాకు తెలియదు. మరమ్మతు చేసేవారు ముందు ఎంసీబీ (కరెంటు సరఫరాను ఆపే బ్రేకర్ స్విచ్) దింపాలన్న నియమం దీనికి అదనం, ప్రత్యామ్నాయం కాదు.

దీపాలు, ఫ్యాన్ల విషయంలో గోడ మీది స్విచ్‌లను తీసేయకండి. స్విచ్ వెనుక ఇమిడే రిలే మాడ్యూళ్లు పెడితే, హబ్ ఆగిపోయినా స్విచ్ మామూలుగానే పనిచేస్తుంది. మా అమ్మ యాప్ తెరిచిన సందర్భం ఒక్కటీ నాకు గుర్తు లేదు, ఆవిడకు ఆ అవసరం రాకపోవడమే ఈ ఏర్పాటు బాగున్నదనడానికి నిదర్శనం అనుకుంటాను. ఇలాంటి మాడ్యూళ్లలో ఎక్కువ వాటికి బోర్డులో న్యూట్రల్ తీగ కావాలి. సాకెట్ ఉన్న బోర్డులో అది ఎలాగూ ఉంటుంది, కేవలం స్విచ్‌లే ఉన్న బోర్డును మాత్రం ఎలక్ట్రీషియన్ తెరిచి చూడాల్సిందే.

ఇక క్లౌడ్ విషయానికి వస్తే, బయటి నుంచి హబ్‌ను చేరడానికి రౌటర్‌లో పోర్టు తెరవమని, అంటే బయటివారు నేరుగా లోపలికి వచ్చే దారి ఇవ్వమని, పాత సలహాలు కనిపిస్తాయి. మన దేశంలో చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లకు విడి పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) ఇవ్వరు, అనేక ఇళ్లకు కలిపి ఒకే చిరునామా ఉంటుంది, కాబట్టి అది సాధారణంగా కుదరదు. కుదిరినా ఇంటి హబ్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబెట్టడం క్షేమం కాదు. నేను టెయిల్‌స్కేల్ వాడుతున్నాను. హబ్‌లోనూ, నా ఫోన్‌లోనూ దానిని పెట్టుకుంటే రెండూ ఒకే ప్రైవేటు నెట్‌వర్క్‌లో ఉన్నట్లు కలుస్తాయి, ఒక ఇంటి అవసరాలకు దాని ఉచిత పథకం చాలు. అలెక్సా, గూగుల్ అసిస్టెంట్‌లతో మాటల ద్వారా నడపడం ముఖ్యమనుకుంటే హోమ్ అసిస్టెంట్ బృందంతో ముడిపడిన నబు కాసా చందా సేవ సులువు. చెల్లించే డబ్బు ఆ సాఫ్ట్‌వేర్ అభివృద్ధికి కూడా చేరుతుంది.

క్లౌడ్ నిజంగా ఉపయోగపడే పని మరొకటి ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. తాను ఆగిపోయిన విషయం చెప్పడం హబ్‌కు సాధ్యం కాదు. అందుకని మా హబ్ అయిదు నిమిషాలకొకసారి బయట ఉన్న ఒక పర్యవేక్షణ సేవకు చిన్న సంకేతం పంపుతుంది. ఆ సంకేతం కొంతసేపు రాకపోతే ఆ సేవ నా ఫోన్‌కు సందేశం పంపుతుంది. ఇది లేని రోజుల్లో నిశ్శబ్దాన్ని క్షేమం అనుకునే వీలుండేది. బ్యాకప్ కూడా ఇంటి బయటే ఉండాలి. 2025 మొదట్లో వచ్చిన వెర్షన్ల నుంచి హోమ్ అసిస్టెంట్ ప్రతిరోజూ తాళం వేసిన బ్యాకప్‌ను గూగుల్ డ్రైవ్‌లో పెట్టగలదు, ఆ తాళపు కీని మాత్రం హబ్‌లోనే కాకుండా మీ దగ్గర వేరుగా దాచుకోండి.

కెమెరాల వీడియో అంతటినీ క్లౌడ్‌కు ఎక్కించనవసరం లేదు. ఫ్రిగేట్ వంటి సాఫ్ట్‌వేర్ మనిషి కనిపించిన ముక్కను మాత్రమే గుర్తించి దాస్తుంది, మీ మినీ పీసీలో ఇంటెల్ గ్రాఫిక్స్ ఉంటే ఆ గుర్తింపు పని అదే చేయగలదు. కెమెరాను గేటు దగ్గర పెట్టండి, హాల్లో వద్దు. తల్లిదండ్రులు క్షేమంగా ఉన్నారో లేదో తెలుసుకోవడానికి వంటింట్లో ఒక కదలిక సెన్సర్ చాలు: ఉదయం మామూలుగా లేచే సమయం దాటి చాలాసేపయినా వంటింట్లో అలికిడి లేకపోతే నాకు సందేశం వస్తుంది, నేను ఫోన్ చేస్తాను. ఈ ఏర్పాటు గురించి ముందే చెప్పి మా నాన్న అనుమతి తీసుకున్నాను, మీరూ అలాగే చేయండి.

ఈ సాఫ్ట్‌వేర్‌కు ప్రతి నెలా కొత్త వెర్షన్ వస్తుంది. అది వచ్చిన వెంటనే దూరం నుంచి ఎక్కించుకోవద్దు. భద్రతకు సంబంధించిన సవరణలు ఉంటే తప్ప, నేను ఊరు వెళ్లినప్పుడే పెద్ద మార్పులు చేస్తాను.

మీ మూడు యాప్‌ల సంగతికి వస్తే, రోజువారీ వాడకంలో అవి మీకు అక్కరలేకుండా పోతాయి. అయితే వాటిని పూర్తిగా తొలగించకండి, వాటి ఖాతాలు కూడా మూసేయకండి. కొన్ని ప్లగ్‌లను హబ్‌కు కలపడానికి కావలసిన స్థానిక కీ (ఇంటి నెట్‌వర్క్‌లోనే ప్లగ్‌తో మాట్లాడటానికి వాడే రహస్య సంకేతం) ఆ ఖాతా ద్వారానే దొరుకుతుంది, ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) మార్పులు చాలావాటికి కంపెనీ యాప్ నుంచే వస్తాయి. వాటిని మీ ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టి, అమ్మానాన్నల ఫోన్‌ల నుంచి మాత్రం తీసేయండి.